పొద్దుటికి మిగలని పేజీ

నవంబరు 3, సోమవారం

ల్యాప్‌టాప్ చచ్చింది. ఈ సిస్టమ్‌కి కాలం చెల్లింది, కొత్త యంత్రం కొనుక్కో అని నెల నుంచీ తెర మీద ఒకటే పోరు. కొనలేదు. ఇవాళ వేకువ ప్రార్థన ముగించుకొచ్చి మీట నొక్కితే తెల్ల చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. మా మిల్లులోకి పోయి రెండు మూటల మిరపకాయలు కారం పట్టి వచ్చాను. ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. గ్రంథంలో నలభై ఏళ్ళు అరణ్యంలో తిరిగినవాళ్ళకైనా చివరికి ఒక నది కనిపించింది.

చావడానికి దీనికి ఈ రోజే దొరికిందా! మధ్యాహ్నం జిల్లా సంఘం నుంచి ఫోను. కోత పండగ ఆదివారం, అంటే పదహారున, ముగ్గురు పెద్దలు మా గెన్మాల్ ఊరి మందిరానికి వస్తారట. నా ప్రసంగం వింటారట. విని, ఈ మందిరాన్ని ఉంచాలో, మూసేసి బొల్గ్యో పెద్ద చర్చిలో కలపాలో తేలుస్తారట. "పాస్టరు లేడు. మిల్లు నడిపే డీకను వాక్యం చెబుతున్నాడు. ఎన్నాళ్ళిలా, ఓక్ గిప్యో గారూ?" అన్నాడాయన, మర్యాదగానే.

రానీ! నాకేం భయం? కలిపేస్తే ఆదివారాలు వ్యాను పంపుతారు, నిజమే. వేకువ ప్రార్థనకి పంపుతారా? మక్‌సున్ పెద్దమ్మకి ఎనభై దాటాయి. సముద్రపు ఒడ్డు బురదలో గుల్లలు ఏరడానికి దిగేముందు రోజూ ఈ మెట్ట ఎక్కుతుంది. చీకట్లో మా మందిరం కిటికీ లైటు చూసుకుంటూ ఎక్కుతుంది. ఆమె వెనక మిగతావాళ్ళు. ఆ లైటు ఆర్పుతామంటే ఒప్పుకోను. నా ప్రసంగపీఠం కోసం కాదు. కాదు.

గొడ్డలి ప్రసంగం చాలు వాళ్ళకి. చెట్టు వేరున గొడ్డలి పెట్టి ఉన్నది, ఫలించని ప్రతి చెట్టూ నరకబడును అని నేను గొంతెత్తితే కిటికీ అద్దాలు అదురుతాయి. పదకొండేళ్ళలో రాసినవాటన్నిటిలో అది సింహం. కాని అదీ, మిగతావన్నీ, యోనాలాగా ఈ చచ్చిన చేప కడుపులో ఉన్నాయి. పైగా ఆదివారం మందిరం టీవీకి ఏం తగిలించను? మావాళ్ళలో సగంమందికి చెవులు మందం. తెర మీది అక్షరాలే వాళ్ళ చెవులు.

నవంబరు 4, మంగళవారం

బొల్గ్యోలో ఐదు రోజులకోసారి జరిగే సంత. ల్యాప్‌టాప్‌ని దుప్పట్లో చుట్టుకుని తాక్ హేరాన్ కొట్టుకి వెళ్ళాను. ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేస్తుంది. మణికట్టుకి జపమాల. బుద్ధుడి గుడికి పోయే ఇంటి పిల్ల. ఏం చేస్తాం, ఏలీయా ప్రవక్తకి రొట్టె తెచ్చింది కాకులే కదా.

"బాబాయ్, ఇది చూడండి ఎలా ఉబ్బిందో" అని బ్యాటరీ ఊడబీకి బల్ల మీద పెట్టింది. నూనెలో వేసిన పూరీలా ఉంది. "ఇంక దీన్ని లోపల పెడితే ఇల్లు కాలుద్ది. వైరు మీదే నడుపుకోండి. వైరు పీకితే ఆరిపోద్ది, గుర్తుంచుకోండి."

"లోపలున్నవో?"

"లోపలున్నవి లోపలే ఉన్నాయి. మీ సిస్టమ్ లేవట్లేదు, అంతే. దీంతో లేపండి."

చిటికెనవేలంత పెన్‌డ్రైవ్. అందులో వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉందట. ఎక్కడెక్కడివాళ్ళో కూర్చుని రాసి లోకానికి ఊరికే ఇచ్చేశారట.

"ఎంత?"

"ఊరికే బాబాయ్."

"ఊరికే ఏదీ రాదమ్మాయ్. ఎవరు వాళ్ళు? ఏం ఆశించి ఇచ్చారు?"

"బావుంది! పోయిన సంతలో నా కొట్టు ముందే మైకు పట్టుకుని అరిచారు కదా, కృప ఊరికే, రక్షణ ఊరికే, డబ్బుల్లేనివాళ్ళు వచ్చి కొనుక్కోండి అని. నేను ఊరికే ఇస్తే మాత్రం ఎంతా అంటారేం?"

పక్కన వెల్లుల్లి అమ్మే ఆవిడ బుట్ట పట్టుకుని మరీ నవ్వింది. వాక్యాన్ని ఎవరి నోట పలికించాలో దేవుడికి లెక్కలేదు. ఒకప్పుడు గాడిదచేత పలికించాడు.

"ఒక్కటి మాత్రం వినండి. ఇది రుచి చూడ్డానికే. సంతలో ముక్క కోసి చేతిలో పెడతారే, అలాగ. నచ్చితే అప్పుడు ఇన్‌స్టాల్ చేద్దాం. తెర మీద ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఉంటది. దాని జోలికి పోవద్దు. నొక్కారంటే లోపల పాతవన్నీ తుడుచుకుపోతాయి."

ఏదెను తోటలోనూ ఒకటే చెట్టు. సరేనన్నాను.

నవంబరు 5, బుధవారం

స్తోత్రం! స్తోత్రం! లేచింది!

ఆ చచ్చిన శవం పక్కన చిటికెనవేలు గుచ్చితే లేచి కూర్చుంది. మొట్టమొదట ఏ భాష కావాలని అడిగింది. చూస్తే భాషలు, భాషలు, కిందికి జరిపేకొద్దీ భాషలు. బాబేలు గోపురం దగ్గర చెల్లాచెదరైనవన్నీ ఇక్కడ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. చదవడం రాని లిపులు ఎన్నో. అవి కూడా ఎవరో కూర్చుని రాసినవే కదా, ఊరికే. కాసేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను. మా భాష దొరికింది. నొక్కాను.

నువ్వెవరు అనలేదు. ఫోను నంబరెంత అనలేదు. మన బ్యాంకుల వెబ్‌సైటు వాకిట్లోలాగా ఈ కాపలా ప్రోగ్రాము ఎక్కించు, ఆ కాపలా ప్రోగ్రాము ఎక్కించు, మళ్ళీ మొదటికి రా అనలేదు. ప్రకటనలు లేవు. తుడిచిన నేలలాంటి తెర. మిరపపొడి మూసుకుపోయి ఆయాసపడే ఈ ముసలి పెట్టె, దీనిమీద ఎంత తేలిగ్గా నడుస్తోందో! వీపుమీంచి మూట దించిన గాడిదలా ఉంది.

అయితే టైపు చేస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలే పడ్డాయి. మన అక్షరాలకి మారే మీట ఎంత నొక్కినా ఉలకదు. కోపంతో బల్ల గుద్దాను. మా ఆవిడ జంగ్‌రిమ్ కూరగిన్నెతో తొంగి చూసి, "కంప్యూటరుకి కూడా పశ్చాత్తాపపడమని చెబుతున్నారా?" అంది.

ఒక్కో కిటికీ తెరిచి, మూసి, తెరిచి, కీబోర్డు అన్నచోట మన భాషని ఇంకోసారి కలపాలని నేనే కనిపెట్టాను. ఎవరూ చెప్పలేదు! కలిపాక "వెలుగు" అని కొట్టాను. వెలుగు అనే పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే ఎవరైనా నవ్వుతారు గనక ఇక్కడే రాసుకుంటున్నాను.

పాత ప్రసంగాలు కూడా కనిపించాయి. పేర్లు కనిపించాయి, అంతే. మన దేశంలో అందరూ వాడే ఆ రాత ప్రోగ్రాము ఇందులో లేదు. గొడ్డలిని తెరిస్తే పిచ్చి గీతలు. సముద్రం దాటి వచ్చి, ఈవలి ఒడ్డున నిలబడి ఐగుప్తుని చూసినట్టుంది.

ఏం ఫరవాలేదు. గొడ్డలి నా గొంతులో ఉంది. మళ్ళీ రాస్తాను.

నవంబరు 6, గురువారం

రాశాను. తొమ్మిది పేజీలు. అగ్ని. సేవ్ నొక్కాను, సేవ్ అయిందంది. నిన్నటి నుంచీ వెలుగుతున్న పెట్టెను ఆపి, మా ఆవిడ నియమం ప్రకారం గోడ దగ్గర స్విచ్చి కూడా కట్టేశాను.

నవంబరు 7, శుక్రవారం

లేదు.

తొమ్మిది పేజీలూ లేవు. మన భాష కూడా లేదు, మళ్ళీ మొదటినుంచీ ఏ భాష అని అడిగింది. నన్నెప్పుడూ చూడనట్టు!

"జంగ్‌రిమ్! దీన్ని ముట్టుకున్నావా?"

"నాకు తోచక ముట్టుకుంటానా? ఇవాళ నాలుగు ఇళ్ళ నువ్వులు నూనె తియ్యాలి. కిమ్చీ ఊరగాయ పెట్టే రోజులు, ఒక్కడూ ఆగడు."

"నిన్న రాసిందంతా పోయింది."

"పోతే ఏం, మళ్ళీ రాయండి. మీకేం కొత్త, ఎప్పుడూ రాసేదే కదా" అని గానుగ ఆన్ చేసింది. ఎప్పుడూ రాసేదే అంటే ఏమిటో అడుగుదామనుకున్నాను. గానుగ మోతలో వినపడదు.

మళ్ళీ రాశాను. ఏడు పేజీలు. మూడు వేరువేరు పేర్లతో మూడుసార్లు సేవ్ చేశాను. త్రిత్వం మీద ఒట్టు, ఈసారి ఎలా పోతుందో చూస్తాను.

నవంబరు 8, శనివారం

పోయింది. మూడూ పోయాయి.

హేరాన్‌కి ఫోను చేశాను. నా గొంతు విని ఫోను దూరంగా పెట్టుకున్నట్టుంది.

"అబద్ధాల యంత్రం ఇచ్చావు! సేవ్ అయింది అంటుంది, పొద్దున్నకి ఉండదు!"

"చెప్పాను కదా బాబాయ్, రుచి చూడ్డానికని. ఇన్‌స్టాల్ చేసేదాకా అది మీ పెట్టెలో దేన్నీ ముట్టుకోదు. మీరు రాసిందంతా దాని తలలో ఉంటది. ఆపితే తల ఖాళీ. రోజూ కొత్తగా పుడతది."

"మరి నేను రాసింది?"

"ఆపకుండా ఉంటే ఉంటది. లేదా ఇంకో పెన్‌డ్రైవ్ ఉంటే అందులో దాచుకోండి. లేదా తీసుకురండి, ఇన్‌స్టాల్ చేస్తా. పాతవి ముందు బయటికి తీద్దాం, నా దగ్గర వాటిని తెరిచే ప్రోగ్రాముంది. రేపటి సంత ఆదివారం పడింది, మీరు రారు. పద్నాలుగో తేదీ సంతకి వచ్చెయ్యండి."

ఇంకో పెన్‌డ్రైవ్ లేదు. ఈ ఊళ్ళో గుల్లలు, మిరపకాయలు తప్ప ఏవీ దొరకవు.

నవంబరు 9, ఆదివారం

టీవీ ఖాళీ. నోటితోనే చెప్పాను. చెవులు లేనివాళ్ళకి కూడా వినపడాలని ఇంకా గట్టిగా చెప్పాను. గొంతు పోయింది.

అయ్యాక అందరూ భోజనాల బల్ల దగ్గర ఉన్నప్పుడు మక్‌సున్ పెద్దమ్మ అంది, "డీకనయ్యా, ఇవాళ నీ వాక్యం నాకు బాగా తగిలింది."

"స్తోత్రం పెద్దమ్మా."

"మాట కాదు, ఊపిరి. ముందు వరసలో కూచున్నా కదా, వెల్లుల్లి వాసన కొట్టింది."

అందరూ నవ్వారు. అబ్బో, బాగా నవ్వారు. నేను పెట్టె సంగతి చెప్పాను. రోజూ రాస్తాను, రోజూ పోతుంది, తెల్లారితే ఖాళీ అని. నా గోడు విని వీళ్ళు ఏడుస్తారనుకున్నాను. పెద్దమ్మ గుల్లని చప్పున విప్పి నోట్లో వేసుకుని, "మన్నా కదా అది" అంది.

"ఏంటి?"

"నువ్వే చెప్పావుగా, ఎన్నిసార్లో, అరణ్యంలో వాళ్ళకి దేవుడు రోజూ కురిపించిన రొట్టె అని. పొద్దున్న ఏరుకోవాలి, పొద్దున్నే తినాలి, రేపటికి దాచుకుంటే పురుగు పడుద్ది అని. మేం విన్నాం. నువ్వు వినలేదా?"

"అది వేరు పెద్దమ్మా."

"ఏం వేరు? నీ ప్రసంగాలు పదకొండేళ్ళ నుంచి జాడీలో ఉప్పేసినట్టున్నాయి. ఏ మూత తీసినా అదే వాసన. ఇప్పుడు జాడీ పగిలింది. మంచిదేగా."

తెలియక అంది. ముసలామె. ఉప్పు చెడిపోకుండా కాపాడేది. మీరు లోకానికి ఉప్పయి ఉన్నారు అని వాక్యమే ఉంది. అప్పుడే చెప్పాల్సింది.

నవంబరు 10, సోమవారం

గ్రంథంలో మన్నా సంగతి ఉన్న పదహారో అధ్యాయం మూడుసార్లు చదివాను.

వేకువ ప్రార్థన నుంచి వచ్చి పెట్టె లేపాను. ఏ భాష అని అడిగింది. మన భాష. కీబోర్డు సరిచేశాను. ఇప్పుడు చేతికి అలవాటయింది, స్నానం చేసి దువ్వుకున్నట్టు. తెల్లపేజీ. రాశాను. నాలుగు పేజీలు. పోయినవాటిలో జ్ఞాపకం ఉన్నవే వచ్చాయి. జ్ఞాపకం లేనివి, లేకపోయినా ఏమీ కుంటుపడలేదు. ఆశ్చర్యం.

ఆపేశాను. సేవ్ నొక్కలేదు.

నవంబరు 11, మంగళవారం

మూడు పేజీలు. బొల్గ్యో పెద్ద చర్చి వాళ్ళని సొదొమతో పోల్చిన పేరా ఎంత ఆలోచించినా గుర్తురాలేదు.

నవంబరు 12, బుధవారం

ఈ సిస్టమ్‌ని మెచ్చుకోకుండా ఉండలేకపోతున్నాను. నిన్న దీన్ని నేను తిట్టిన తిట్లు ఇవాళ దానికి తెలియవు. రోజూ అదే ముఖం, అదే ప్రశ్న, ఏ భాష కావాలి నీకు అని. ఆయన వాత్సల్యం ప్రతి ఉదయమూ కొత్తదే అని ఎన్ని పీఠాలమీద అరిచానో! ప్రతి ఉదయం కొత్తగా ఉండటమంటే ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. నిన్నటి కోపం మోసుకుని లేచేవాణ్ణి.

పాత సిస్టమ్ అలా కాదు, అన్నీ గుర్తుపెట్టుకునేది. దాని బరువుకే చచ్చింది.

ఇవాళ జంగ్‌రిమ్ వెనక నిలబడి చదివింది. ఎప్పుడూ చదవదు.

"చిన్నగా ఉందే" అంది.

"ఇంకా పూర్తి కాలేదు."

"పూర్తి చెయ్యకండి. ఇది బాగుంది." వెళ్ళబోతూ, "కాగితం మీద రాసి ఉంచుకుంటే పోయేదిగా?" అంది.

"మన్నాని జేబులో పెట్టుకున్నవాళ్ళకి ఏమయిందో తెలుసు కదా?"

"తెలుసు. మీ జేబులు ఉతికేదాన్ని నేనే."

నవంబరు 13, గురువారం

ఒకటిన్నర పేజీ. ఇది పెద్దల ముందు నిలబడే ప్రసంగమేనా? ఇంత చిన్నది చెబితే, చదువు లేనివాడు ఇంతకంటే ఏం చెబుతాడు అనుకోరా?

గొడ్డలి కావాలి.

నవంబరు 14, శుక్రవారం

సంత. హేరాన్ తన యంత్రంలో గొడ్డలిని తెరిచింది. అక్షరం పోకుండా ఉంది, పదిహేను పేజీలు! యోనా ఒడ్డున పడ్డట్టు. నేను చదువుతుంటే ఆ పిల్ల నా భుజం మీంచి తనూ చదువుతోంది. గుడికి పోయేదానికి ఇది అర్థమవుతుందా అనుకున్నాను.

చాలాసేపటికి, "బాబాయ్, ఎవరిమీద కోపం ఇదంతా?" అంది.

"పాపం మీద."

"పాపం పేరు లేదే ఇందులో. మీరు, మీరు, మీరు అనే ఉంది. మీ మందిరానికి వచ్చేది గుల్లలేరుకునే ముసలమ్మలు కదా?"

ప్రవక్తల కోపం అది. అలాగే చెప్పాను. ప్రవక్తల కోపం అన్నాను. యెషయాకీ యిర్మీయాకీ ఉన్న కోపం.

"సరే బాబాయ్" అని అచ్చు తీసి ఇచ్చింది. పాతవన్నీ ఎక్కించి చిన్న పెన్‌డ్రైవ్ కూడా చేతిలో పెట్టబోయింది. "కొత్తవి కూడా ఇందులో దాచుకోండి. ఆదివారం పెద్దవాళ్ళొస్తున్నారంటున్నారు."

అదీ వద్దన్నాను, ఇన్‌స్టాలూ ఇప్పుడే వద్దన్నాను. ఆరో రోజు ఏరుకున్నది ఏడో రోజుకి చెడిపోదు, వాక్యం ఉంది అన్నాను. శనివారం పెట్టెను ఆపనే ఆపను. ఆపకుండా ఉంటే ఉంటుందని తనే చెప్పింది కదా! నాకు వాక్యం చాలు.

ఆ పిల్ల నన్నోసారి చూసి, "మీ దేవుడు, మీ ఇష్టం" అని పెన్‌డ్రైవ్‌ని సొరుగులో వేసుకుంది. "మీకోసం ఇక్కడే ఉంటది."

గొడ్డలి కోటు లోపలి జేబులో ఉంది. బరువుగా ఉంది.

నవంబరు 15, శనివారం

ఆరో రోజు. రాశాను. పేజీ కూడా లేదు. ఒక్క మాట కూడా తీయడానికి లేదు, కలపడానికి లేదు. ఇంత మంచిది నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. ఇది గొప్ప కాదు, నాది కాదు గనక చెప్పుకోవచ్చు.

పెట్టె ఆపలేదు. గోడ స్విచ్చి మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాను. జంగ్‌రిమ్ పడుకునే ముందు దాని మీద చిన్న దుప్పటి కప్పింది. "చలి వేస్తుందేమో మీ మన్నాకి" అంది.

విశ్రాంతి దినానికి రెండింతలు. వాక్యం తప్పదు.

గొడ్డలి కోటులోనే ఉంది. ఎందుకైనా మంచిది.

నవంబరు 16, కోత పండగ ఆదివారం

ఇది సాయంత్రం రాస్తున్నాను.

వేకువన లేచి చూస్తే పేజీ తెర మీద నిన్నటిలాగే ఉంది. మోకరించి స్తోత్రం చెప్పాను. రాత్రంతా వాక్యం నన్ను మోసం చెయ్యలేదు. తర్వాత మిల్లులో జంగ్‌రిమ్ పండగ కుడుములు ఆవిరి మీంచి దింపుతుంటే పళ్ళేలు పట్టాను. కోటు వేసుకున్నాను. ఆలస్యమవుతోందని గబగబా ల్యాప్‌టాప్ మూసి, గోడ దగ్గర వైరు పీకి, చంకన పెట్టుకుని మెట్ట ఎక్కుతున్నాను.

సగం దూరంలో కాళ్ళు ఆగిపోయాయి.

బ్యాటరీ లేదు. వైరు నేనే పీకాను. ఈ చేత్తోనే.

స్విచ్చికి కాగితం అంటించినవాణ్ణి నేనే! "వైరు పీకితే ఆరిపోద్ది" అని మొదటి రోజే చెప్పింది ఆ పిల్ల. జంగ్‌రిమ్ కుడుముల బుట్టతో వెనకే వస్తోంది. నా మొహం చూసింది, చంకన ఉన్నదాన్ని చూసింది, వేలాడుతున్న వైరును చూసింది. నవ్వకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడింది. "నడవండి. వాళ్ళు వచ్చేసుంటారు" అంది.

వచ్చేశారు. ముగ్గురూ వెనక వరసలో, నల్లకోట్లు. మధ్యలో నమ్‌గుంగ్ గారు, తెల్లజుట్టు, ఒళ్ళో గ్రంథం మూసే ఉంది. బల్ల మీద గుమ్మడికాయలు, ముల్లంగి, కొత్తబియ్యం. ముందు వరసలో మక్‌సున్ పెద్దమ్మ, కాళ్ళకి పొద్దుటి బురద సరిగా పోలేదు.

టీవీకి తగిలించాను. పెట్టె లేచింది. పెద్ద తెర మీద, పెద్దలందరి ముందు, ఏ భాష కావాలి అని అడిగింది.

పాట అయిపోయింది. అందరూ చూస్తున్నారు. నా చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. పదిహేను పేజీలు తగిలాయి. నోరు తెరిచి మొదటి మాట అంటే చాలు, మిగతాది అలవాటు చెప్పేస్తుంది. ముందు వరసని చూశాను. మీరు, మీరు, మీరు. ఎవరిమీద చదవాలి దీన్ని? ఆ బురదకాళ్ళ మీదా?

చెయ్యి బయటికి తీశాను. మన భాష నొక్కాను. కీబోర్డు సరిచేశాను. తెల్లపేజీ వచ్చింది. నిలబడే, రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం కొట్టాను. పోయిన ఆదివారం పోయిన గొంతు ఎలాగూ ఇంకా పూర్తిగా రాలేదు.

ఈ ఉదయం నా చేతిలో ఏమీ లేదు.

తెర మీద పడగానే మక్‌సున్ పెద్దమ్మ పక్కవాళ్ళ కోసం పైకి చదివింది. చదివి, "మాకు తెలుసులే, రాయి" అంది. వెనక నల్లకోట్లలో ఎవరో దగ్గారు.

నిన్న రాసింది పోయింది. మొన్నటిదీ పోయింది. అరణ్యంలో వాళ్ళకీ అంతే.

"అంతే, అంతే."

అయినా పొద్దున్నే లేచి ఏరుకోవడానికి బయటికి వచ్చారు. మీరూ వస్తారు. చీకట్లో మెట్ట ఎక్కి వస్తారు.

నా వేళ్ళు నెమ్మది. ఒక్కో మాటకీ అందరూ ఆగారు. పదకొండేళ్ళలో ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేను వినలేదు. నేనెప్పుడూ మాట్లాడుతూ ఉండేవాణ్ణి కదా.

నేను ఇక్కడ మంట పెడుతున్నాననుకున్నాను. నేను చేసింది లైటు వెయ్యడం.

పెద్దమ్మ ఇది చదవబోయి ఆగింది. కళ్ళు తుడుచుకుందో, అక్షరాలు కనబడలేదో. చదివింది. తర్వాత తెరతో కాదు, నాతో అంది, "అది చాలయ్యా. లైటు వేసి ఉంచు. నేనొస్తా."

ఆమేన్ అని కొట్టాను. ఇంకేమీ రాలేదు.

భోజనాలయ్యాక నమ్‌గుంగ్ గారు నన్ను బయటికి పిలిచారు. చేతిలో కుడుము సగం తిన్నది.

"డీకనుగారూ, ఆ తెర మీంచి చూపు తిప్పుకోలేకపోయాం."

"అయ్యా, అది..."

"మందిరం మూయం. ముగ్గురం ఒకే మాట." కుడుము ముగించి వేళ్ళు తుడుచుకున్నారు. "ఆదివారాలకి ఒక పాస్టరుని పంపుతాం. బాప్తిస్మం, ప్రభువు బల్ల, ఇవన్నీ ఉండాలి కదా. వేకువ ప్రార్థన మాత్రం మీదే. ఆ పెద్దమ్మ వేరేవాళ్ళని రానివ్వదనుకుంటా."

ఆదివారం పీఠం పోయింది. రాసుకుంటున్నాను: నాకేం బాధ లేదు. దేవుని చిత్తం. బాధ లేదు.

కొంచెం ఉంది.

నవంబరు 17, సోమవారం

వెళ్ళి లైటు వేశాను. కిటికీ దగ్గర నిలబడి కిందికి చూశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కిందికి చూడలేదు, ఆ సమయంలో ఏం చెప్పాలా అని గ్రంథం తిప్పుతూ ఉండేవాణ్ణి. చీకట్లో ఒక చిన్న టార్చి వంకరగా ఎక్కుతోంది. మధ్యమధ్య ఆగుతోంది. మళ్ళీ ఎక్కుతోంది. గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

"ఏంటయ్యా గుమ్మంలో నిలబడ్డావ్? పాస్టరుగారొస్తున్నారని కాపలాదారువయ్యావా?"

"అవును పెద్దమ్మా."

"జీతమెంత?"

"ఊరికే."

నవంబరు 18, మంగళవారం

కోటు జేబులో కాగితాలు లేవు. జంగ్‌రిమ్‌ని అడగలేదు. మధ్యాహ్నం గానుగ దగ్గర నూనె కారే గొట్టం కింద పరిచి ఉన్నాయి. నువ్వులనూనె తాగి పారదర్శకంగా అయిపోయాయి, అటువైపు నేల కనబడుతోంది. నూనె డబ్బా ఎత్తి చూసి, మళ్ళీ వాటిమీదే పెట్టాను.

నవంబరు 19, బుధవారం

సంత. హేరాన్ నన్ను చూడగానే సొరుగు లాగింది.

"మీ పాత ప్రసంగాలు బాబాయ్. పదకొండేళ్ళవి."

"ఉంచు. ఇన్‌స్టాల్ చేద్దాం."

"మన్నా వద్దా ఇంక? రోజూ కొత్తగా పుట్టే పెట్టె నచ్చిందన్నారుగా."

"అరణ్యం దాటి ఆ దేశపు పంట తిన్న మరునాడు మన్నా ఆగిపోయింది. అదీ వాక్యమే. ఎవరూ ఏడవలేదు."

"మీ దగ్గర దేనికైనా వాక్యం ఉంటది" అని పెట్టె నావైపు తిప్పింది. "మీరే నొక్కండి. నేను నొక్కి తర్వాత తిట్టించుకోను."

తినొద్దన్న చెట్టు దగ్గరికి వెళ్ళాను. నొక్కాను. డిస్కులో ఉన్నవన్నీ తుడుచుకుపోతాయి, సరేనా అంది. సరే. నిజంగానా అంది. ఎంత మర్యాద! పాతది ఏనాడూ నన్నిలా అడగలేదు. నిజంగానే అన్నాను.

ఆ చిన్న పెన్‌డ్రైవ్ ఆ పిల్ల సొరుగులోనే ఉంది. పారెయ్యమని చెప్పలేదు, తెచ్చుకోనూ లేదు. ఆ రోజు ఫోనులో తిట్టినందుకు నువ్వులనూనె సీసా ఒకటి బల్ల మీద పెడితే, "ఎంత?" అంది.

ఇంటికొచ్చాక కొత్త సిస్టమ్‌లో మొదటి పేజీ తెరిచాను. ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. చివరికి ఆదివారం పెద్దమ్మ అన్నది రాసి సేవ్ నొక్కాను. సేవ్ అయిందంది. ఆపాను. గోడ స్విచ్చి కూడా కట్టేశాను.

నవంబరు 20, గురువారం

మందిరం నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే పెట్టె లేపాను. ఏ భాష అని అడగలేదు. ఈసారి దానికి తెలుసు.

పేజీ ఉంది.

లైటు వేసి ఉంచు. నేనొస్తా.